అమ్మ నాలుగు ముద్దలకే చాలంటోంది, ఆ నాలుగు ముద్దల్లోనే బలం పెంచేదెలా?

తెనాలి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా అమ్మకి 74 ఏళ్ళు, తెనాలిలో ఉండేది, ఇప్పుడు కూకట్‌పల్లిలో నా దగ్గరికి తీసుకొచ్చాను. సంక్రాంతి తర్వాత న్యుమోనియా వచ్చి హాస్పిటల్లో చేర్చాల్సి వచ్చింది. ఊపిరితిత్తులు బాగయ్యాయి, ఎక్స్‌రే బాగుందన్నారు, కానీ అప్పట్నుంచి తిండి మాత్రం దారిలో పడలేదు. పండక్కి 52 కిలోలున్న మనిషి ఇప్పుడు 46. జాకెట్లన్నీ వదులైపోయాయి, చెయ్యి పైకెత్తితే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

పొద్దున ఒక ఇడ్లీ పెడితే అందులో సగం వదిలేస్తుంది. మధ్యాహ్నం గరిటెడు అన్నంలో చారు పోసుకుని జారుగా కలుపుకుని నాలుగు ముద్దలు తింటుంది, అక్కడితో "ఇంక దిగడం లేదే" అంటుంది. రాత్రికి గ్లాసుడు పలచటి రాగిజావ. మధ్యమధ్యలో కొబ్బరినీళ్ళు, బత్తాయి రసం ఇస్తున్నాను. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ "పెద్దావిడ కదా, తేలిగ్గా అరిగేవి పెట్టు, పలచగా పెట్టు" అంటున్నారు. అలాగే పెడుతున్నా మనిషి మాత్రం రోజురోజుకీ నీరసించిపోతోంది, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా గోడ పట్టుకుని నడుస్తోంది. చూస్తుంటే నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది, బీపీకి ఇంకో మాత్ర. మాంసం తినదు, గుడ్డు తింటుంది కానీ ఇప్పుడు నీచు వాసన అంటోంది. శనివారం ఒక్కపొద్దు మానమంటే వినదు. ఎక్కువ పెట్టి లాభం లేదు, కంచం నిండుగా కనిపిస్తేనే ముఖం తిప్పేసుకుంటోంది. తినే ఆ కాస్తలోనే బలం ఎలా పెంచాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. డబ్బాల్లో వచ్చే పొడులు కొనాలా, లేక ఇంట్లో చేసుకునేవే సరిపోతాయా?

గోదారి గట్టు పెద్దమ్మ:

అమ్మాయ్, మా అత్తగారిని మంచంలో ఉన్నన్నాళ్ళూ నేనే చూసుకున్నాను, కాబట్టి ముందు ఒక మాట సూటిగా చెప్తాను. నువ్వు రాసినవన్నీ చూడు, చారు, జావ, కొబ్బరినీళ్ళు, బత్తాయి రసం. అన్నీ నీళ్ళే. ఆవిడ పొట్టలో పట్టేది కాస్త, ఆ కాస్తా నీళ్ళతో నిండిపోతుంటే ఇంక ముద్దకి చోటెక్కడిది? "పలచగా పెట్టు" అనే సలహా జ్వరంలో రెండు రోజులకి సరిపోతుంది, నెలల తరబడి అదే పెడితే మనిషి నిలబడదు.

చారు మాన్పించకు, ఆవిడకి నోటికి హితవుగా ఉన్నది అదొక్కటే కావచ్చు. కానీ ముందు రెండు ముద్దలు ముద్దపప్పు నెయ్యితో పెట్టి, తర్వాత చారు చిన్న గిన్నెలో ఇచ్చి తాగమను. పెసరపప్పుని కట్టులా వార్చకుండా మెత్తగా ఉడికించి, మెదిపి, జీలకర్ర మిరియాల పోపు పెట్టి, అన్నంలో సగానికి సగం అదే కలుపు. అన్నం కూడా కుక్కర్లో సగం నీళ్ళు, సగం పాలు పోసి వండి చూడు, పెరుగన్నానికి కమ్మగా ఉంటుంది, ముద్ద పెరగకుండానే బలం పెరుగుతుంది. నెయ్యి చిన్న చెంచాడు వేస్తే 45 కేలరీలు, అది ముద్దలో కలిసిపోయి కంటికి కూడా కనపడదు. అలాగని ఒక్క పూటే నాలుగు చెంచాలు గుమ్మరించకు, కొవ్వు ఎక్కువైతే పొట్ట త్వరగా ఖాళీ అవ్వదు, తర్వాతి పూట ఆకలే వెయ్యదు. ఇడ్లీలో ఒక చెంచా, పప్పులో ఒక చెంచా, ఉప్మాలో ఒక చెంచా, ఇలా సర్దు.

ఇడ్లీకి కొబ్బరి చట్నీ పలచగా చేసే బదులు వేరుశెనగ పొడో నువ్వుల పొడో నెయ్యిలో తడిపి అద్ది పెట్టు. పెరుగు గేదెపాలది, మీగడతో సహా. గేదెపాలు దొరక్కపోతే ప్యాకెట్ పాలల్లో 6 శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ తీసుకో, ఇంట్లో అందరికీ వాడే 3 శాతం టోన్డ్ పాలు ఆవిడకి వద్దు. గుడ్డు నీచు అంటోంది కదా, ఉడకబెట్టి చేతికివ్వకు, అసలు ముట్టుకోదు. దోసెపిండిలో ఒక గుడ్డు గిలక్కొట్టి, కాస్త అల్లం, మిరియాల పొడి, కొత్తిమీర వేసి దిబ్బరొట్టెలా మందంగా, మూత పెట్టి సన్నసెగ మీద రెండు వైపులా కాల్చి నాలుగు ముక్కలు కోసి పెట్టు. వాసన తెలియదు. అదీ ఇష్టపడకపోతే పనీర్ చేత్తో మెదిపి ఉప్మాలోనో పెసరట్టు మధ్యలోనో వెయ్యి.

ఇంకొకటి, నోరు చప్పబడిపోయిన వాళ్ళకి మొదటి ముద్దే ముఖ్యం. ఆ ముద్ద కరివేపాకు కారంతోనో, పాత నిమ్మకాయతోనో, అల్లం పచ్చడితోనో పెట్టు, గోరంత చాలు, బీపీ ఉంది కాబట్టి అంతకంటే వద్దు. నోట్లో నీళ్ళూరితే తర్వాతి ముద్ద అదే దిగుతుంది. కంచం మార్చు, పిల్లల పళ్ళెంలో రెండు చెంచాలు పెట్టి ఇవ్వు, అయ్యాక "ఇంకో చెంచా?" అని అడుగు. మూడు పూటలు కాదు, రెండున్నర గంటలకోసారి పిడికెడు. పది గంటలకి, సాయంత్రం నాలుగింటికి ఉసిరికాయంత సున్నుండ ఒకటి ఇవ్వొచ్చు, షుగర్ ఉంది కాబట్టి బెల్లం బాగా తగ్గించి, మినప్పిండీ నెయ్యీ ఎక్కువగా ఉండేలా చుట్టుకో. పెద్దవాళ్ళకి చాలామందికి పొద్దున పూటే కాస్త ఆకలుంటుంది, సాయంత్రానికి చచ్చిపోతుంది, కాబట్టి బలమైనవన్నీ మధ్యాహ్నం లోపే వెళ్ళేట్టు చూడు.

ఒక్కపొద్దు సంగతి. ఆవిడతో వాదించకు, వాదిస్తే ఇంకో పూట కూడా మానేస్తుంది. వాళ్ళు నమ్మే పెద్దవాళ్ళెవరితోనైనా, గుడి పూజారితోనైనా "ఒంట్లో బాగాలేనప్పుడు నియమం లేదమ్మా, బాగయ్యాక పట్టుకోవచ్చు" అనిపించు. అంతవరకూ ఆ రాత్రి పలహారం గట్టిగా ఉండేట్టు చూడు, నెయ్యి వేసి కాల్చిన పెసరట్టు, పడుకోబోయే ముందు బాదంపొడి కలిపిన చిక్కటి పాలు.

ఆకలి లెక్క:

ప్రభుత్వాసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. పెద్దమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైన దారి. దానికి ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

52 నుంచి 46 అంటే 11 శాతం పైన తగ్గినట్టు. కావాలని తగ్గకుండా ఆరు నెలల్లో 5 శాతం తగ్గితేనే డాక్టర్‌కి చూపించాలి, మీరు దానికి రెట్టింపు దాటారు. కాబట్టి వంటింట్లో మార్పులు ఈరోజే మొదలుపెట్టండి, డాక్టర్ దగ్గరికి కూడా ఈ వారంలోనే వెళ్ళండి, ఒకటి చేసి ఫలితం చూసి రెండోది అనుకోవద్దు.

ముందు ఆవిడ నోరు తెరిపించి టార్చ్ లైటుతో చూడండి. న్యుమోనియాకి యాంటీబయాటిక్స్ గట్టిగా వాడి ఉంటారు, ఇన్‌హేలర్ కూడా ఇచ్చి ఉండొచ్చు. వాటి తర్వాత కొందరికి నాలుక మీద, అంగిలి మీద పెరుగు అంటుకున్నట్టు తెల్లటి పూత వస్తుంది, అది ఫంగస్. అది ఉంటే ఏం తిన్నా మంట, రుచి తెలియదు, గొంతు దిగదు, "దిగడం లేదు" అన్నారంటే నాకు మొదట వచ్చిన అనుమానం అదే. మందు వాడితే తగ్గిపోతుంది. కట్టుడు పళ్ళు ఉంటే అవి వదులయ్యాయేమో చూడండి, మనిషి చిక్కినప్పుడు పాత పళ్ళ సెట్టు కుదరక నమలడం మానేసి జారుగా మింగేవాటికి అలవాటు పడతారు. విరేచనం రోజూ అవుతోందా అడగండి, అది బిగిస్తే ఆకలి చచ్చిపోతుంది, కానీ మన పెద్దవాళ్ళు అడిగితే తప్ప చెప్పరు.

మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి ఆకలి తగ్గిస్తుంది, వికారం పెడుతుంది. మీ అంతట మీరు ఆపొద్దు, కానీ బరువు తగ్గిన సంగతి, తిండి తగ్గిన సంగతి డాక్టర్‌కి చెప్పి డోసు చూడమనండి. చీటీలో గ్లిమిపిరైడ్ లాంటిది ఇంకేమైనా ఉంటే ఇది మరీ ముఖ్యం, ఆ మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది, ఒక్కపొద్దు రోజున అయితే ప్రమాదమే. రక్తపరీక్షల్లో థైరాయిడ్, సోడియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), హిమోగ్లోబిన్, బి12 విటమిన్ చూడమని అడగండి. మాంసం తినకుండా ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో బి12 తగ్గడం మేం తరచూ చూస్తాం.

ఇక ప్రోటీన్ లెక్క. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దలకి కిలో బరువుకి 0.83 గ్రాములు చాలంటుంది. జబ్బు పడి లేచిన పెద్ద వయసువాళ్ళకి అది చాలదు, మేం కిలోకి 1.2 గ్రాములు పట్టుకుంటాం, అంటే మీ అమ్మగారికి రోజుకి 55 దాకా. వినగానే చాలా అనిపిస్తుంది. ఫుల్ క్రీమ్ పాలు రోజు మొత్తంలో 400 మి.లీ. అంటే 13 గ్రాములు, ఆ పాలల్లోనే 30 గ్రాముల వెన్న తీసిన పాలపొడి, అంటే నాలుగు పెద్ద చెంచాలు కలిపితే ఇంకో 10, కప్పు పెరుగులో 5, రెండు గుడ్లలో 12, ఉడకని పప్పు 40 గ్రాములు కొలిచి వండితే 9, పనీర్ చిన్న ముక్క 30 గ్రాములకి 5. ఇంతే, 54 అయ్యాయి. ఒక్క రోజులో అక్కడికి చేరాలని కంగారు పడకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం ఈ లెక్క వేరు, అందుకే క్రియాటినిన్ రిపోర్టు వచ్చాక డాక్టర్‌తో మాట్లాడి పెంచండి.

పొడుల గురించి అడిగారు. డబ్బా వెనక 100 గ్రాములకి ప్రోటీన్ ఎంతో చదవండి. చాలా "బలవర్ధక" పొడుల్లో ఎక్కువ భాగం మాల్ట్, చక్కెరే. వెన్న తీసిన మామూలు పాలపొడిలో 100 గ్రాములకి 35 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, ధర కూడా తక్కువ. ఇంటి తిండితో ఎంత చేసినా బరువు పడిపోతూనే ఉంటే అప్పుడు షుగర్ ఉన్నవాళ్ళ కోసం డాక్టర్లు రాసే పోషకాహార పొడులు వాడొచ్చు, అవి భోజనం బదులు ఇవ్వకూడదు, రెండు భోజనాల మధ్యలో ఇవ్వాలి.

రాగిజావకి ఒక మంచి కిటుకు ఉంది. మామూలు పిండితో చిక్కగా కాస్తే గడ్డకట్టి మింగలేరు, పలచన చేస్తే నీళ్ళే మిగులుతాయి. రాగులు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక నీడలో ఆరబెట్టి, సన్నసెగ మీద తేమ పోయేంతవరకే వేడిచేసి పట్టించండి, మాడేలా వేయించకండి. మొలకెత్తినప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది, ఎక్కువ వేడికి అది పోతుంది. ఇప్పుడు మామూలు రాగిపిండితో జావ బాగా చిక్కగా, గరిటె నిలబడేలా కాచి దించి, కాస్త వేడి తగ్గాక ఈ మొలకల పిండి ఒక చెంచా వేసి కలుపుతూ ఉండండి. కొద్ది నిమిషాల్లో మీ కళ్ళముందే అది జారుగా అయిపోతుంది. పిండి మాత్రం అంతే ఉంది, నీళ్ళు పొయ్యలేదు. మళ్ళీ ఒక్క పొంగు రానిచ్చి, పాలు, వేరుశెనగ పొడి కలిపి ఇవ్వండి. గంజి పదార్థం తీపిగా మారుతుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళకి చిన్న కప్పే, తాగిన రెండు గంటలకి ఒకసారి పరీక్ష చేసి చూసుకోండి.

చివరగా ఒక హెచ్చరిక, ఇది మీ అమ్మగారి కోసం కాదు, ఇది చదివే ఇంకెవరికైనా. ఐదారు రోజులు దాదాపు ఏమీ తినకుండా ఉన్న మనిషికి ఒక్కసారిగా తిండి పెంచేస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. అలాంటివాళ్ళకి హాస్పిటల్లో రక్తపరీక్షలు చేస్తూ మెల్లగా పెంచాలి.

కర్నూలు కొండారెడ్డి బురుజు:

మా నాయనకి గొంతు కాన్సర్, రేడియేషన్ ఇచ్చినారు. మా కష్టం వేరే రకం కానీ పనికొచ్చేవి కొన్ని చెప్తా అక్కా. నోరంతా పుండ్లు, కారం ముట్టుకోలేడు, వేడివి తాగలేడు. అందుకని అన్నీ చల్లార్చి, కొన్ని ఫ్రిజ్‌లో పెట్టి ఇచ్చేవాళ్ళం. చల్లటివాటికి వాసన కూడా తక్కువ, మీ అమ్మకి గుడ్డు వాసన పడదంటున్నారు కదా, వంట చేసేటప్పుడు ఆ గదిలో కూర్చోబెట్టొద్దు, పోపు ఘాటుకే కొంతమందికి కడుపు తిప్పుతుంది. ఏం తిన్నా ఇనుము నాకినట్టుంది అంటే స్టీలు చెంచా మాని ప్లాస్టిక్ చెంచా వాడమని నర్సమ్మ చెప్పింది, మా నాయనకి అది పనిచేసింది.

మా చుట్టాలందరూ కాళ్ళ సూపు, నాటుకోడి సూపు తాపించమనేవాళ్ళు. రసం వడగట్టి తాపిస్తే లాభం లేదు, బలమంతా ముక్కలోనే మిగిలిపోతుంది. మాంసం తినేవాళ్ళు ఎవరైనా ఉంటే ముక్కని మెత్తగా ఉడికించి అదే రసంలో మిక్సీ పట్టి ఇవ్వండి. మాకు బాగా దిగింది రాగి సంగటి, కానీ ముద్దలా కాదు, నెయ్యి, మెత్తగా నూరిన వేరుశెనగ పప్పు పచ్చడి కలిపి, మజ్జిగ బదులు పెరుగు పోసి పల్చటి పాయసం మాదిరి చేసి. వేరుశెనగలో నూరు గ్రాములకి 25 గ్రాముల ప్రోటీన్, మా సీమలో అంతకంటే చవకైన బలం లేదు.

ప్రతి ఆదివారం పొద్దున, అదే మిషన్ మీద, అదే రకం బట్టల్లో తూకం వేసి క్యాలెండర్ మీద రాసేవాళ్ళం. ఆ అంకెలు చూపిస్తేనే డాక్టర్ ముక్కు నుంచి ట్యూబ్ వేద్దామన్నాడు. ట్యూబ్ అనగానే ఇంట్లో ఏడుపులు. కానీ అది వేసినాకే ఆయన ఒంట్లోకి సత్తువొచ్చి మిగిలిన రేడియేషన్ పూర్తయింది, తర్వాత తీసేసినారు. ఆ మాట మీకు చెప్తే భయపడొద్దు. ఇంకొకటి, మీ అమ్మ తినేటప్పుడు దగ్గు వస్తుందా, నీళ్ళు తాగితే పొలమారుతుందా గమనించండి. అలా ఉంటే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుండొచ్చు, మళ్ళీ న్యుమోనియా అదే తేవచ్చు. నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి, తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు.

కువైట్ నుంచి:

పైవాళ్ళు అంత బాగా రాశాక నాది చిన్న మాట. మా అమ్మ రాజంపేటలో ఒంటరిగా ఉంటుంది, నాన్న పోయాక వంటే మానేసింది, ఒక్కదాని కోసం ఏం వండుకుంటాం అని. ఆకలి లేదని అందరం మందులు రాయించాం, కానీ పక్కింటావిడ తన కంచం తెచ్చుకుని అమ్మతో కూర్చుని తినడం మొదలుపెట్టాక అమ్మ కూడా తింటోంది. నేను పనిలో లేని రోజు వాళ్ళ భోజనం వేళకి వీడియో కాల్ చేసి నేనూ తింటాను. మీ అమ్మగారు ఊరొదిలి వచ్చారు, పగలంతా ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటున్నారా? మనసు బాగాలేకపోయినా తిండి దిగదు, డాక్టర్‌కి ఆ సంగతి కూడా చెప్పండి.

తెనాలి అమ్మాయి:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. డైటీషియన్ గారూ, టార్చ్ వేసి చూశాను, అంగిలి మీద నిజంగానే తెల్లగా ఉంది, నాలుక వెనక కూడా. ఇన్‌హేలర్ ఇప్పటికీ వాడుతోంది, వాడాక నోరు పుక్కిలించాలని మాకెవరూ చెప్పలేదు. రేపు సాయంత్రం డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికింది. పెద్దమ్మగారూ, ఇవాళ గుడ్డు దిబ్బరొట్టె రెండు ముక్కలు తింది, ఇంకో ముక్క తర్వాత తింటానని దాచమంది. గుడ్డుందని నేను చెప్పలేదు, తర్వాత చెప్తే "అయితే రేపు కూడా వెయ్యి" అంది.

కువైట్ తమ్ముడూ, అవును, పగలు ఒక్కతే ఉంటోంది. ఆఫీసు వాళ్ళనడిగి మధ్యాహ్నం ఇంటి నుంచి పని చేసుకుంటాను, కలిసి తింటాం.

ఒక్క సందేహం మిగిలింది. మందుల షాపు అతను ఆకలి పుట్టడానికి ఒక సిరప్ ఇచ్చాడు, దాని మీద సిప్రోహెప్టడిన్ అని ఉంది. పిల్లలకి కూడా ఇదే ఇస్తాం, ఏం కాదన్నాడు. పొయ్యొచ్చా?

ఆకలి లెక్క:

పొయ్యకండి, కనీసం రేపు డాక్టర్ చూసేదాకా. అది నిజానికి అలర్జీకి వాడే పాతకాలపు మందు, ఆకలి పెంచడం దాని పక్క ప్రభావం. పెద్ద వయసువాళ్ళలో మగత, తూలడం, మాట తికమక, మూత్రం బిగపట్టడం, మలబద్ధకం తెస్తుంది. మీ అమ్మగారు ఇప్పటికే గోడ పట్టుకుని నడుస్తున్నారు, ఆ మగతలో పడి తుంటి విరిగితే పరిస్థితి చెయ్యి దాటిపోతుంది.

ఇన్‌హేలర్ వాడిన ప్రతిసారీ నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయమనండి, డాక్టర్ ఫంగస్‌కి మందు రాస్తే చెప్పినన్ని రోజులూ పూర్తిగా వాడండి, పూత కనపడకపోయినా మధ్యలో ఆపొద్దు. కట్టుడు పళ్ళు ఉంటే రాత్రిపూట తీసి శుభ్రం చేసి పెట్టాలి, లేకపోతే ఫంగస్ మళ్ళీ అంటుకుంటుంది. తిండి కాస్త పుంజుకున్నాక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, మీరు పక్కన నిలబడి, ఒక్కో పూట ఐదారుసార్లు చేయించండి, ప్రోటీన్ కండగా మారాలంటే ఆ కదలిక ఉండాలి. రేపు వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఇన్‌హేలర్, ఆ సిరప్ సీసా ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. సంక్రాంతి నాటి బరువు, ఇప్పటి బరువు, నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఆవిడ తిన్నవి ఒక కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వండి.